ఇంట్లో స్టాండర్డ్ హెరాల్డ్ బాగుచేసుకోవడం: గోదావరి జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

స్టాండర్డ్ హెరాల్డ్ పాత ఫ్యామిలీ కారే గాని స్పోర్ట్స్ కారు కాదు కదా, బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల లెక్కలో ఎందుకు వేస్తారు?

ఎముకల గూడు, అంటే ఛాసిస్, ఒకటే కాబట్టి. 1959లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తయారుచేశారు. రెండింటి ఒళ్ళూ గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ ర్యాకు, వెనక అడ్డంగా ఉండే పట్టీ స్ప్రింగు, ఇంజిన్ కుటుంబం అన్నీ దాదాపు ఒకటే. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి ఇదే బండిని 948 సీసీ ఇంజిన్‌తో తయారుచేసింది. అసలు స్పోర్ట్స్ కార్లయిన ఎంజీబీయో స్పిట్‌ఫైరో మన జిల్లాల్లో దొరకడం కల్ల. పెరటి షెడ్డులో బాగుచేసుకునే వీలున్న బ్రిటిష్ పాతబండి అంటే ఇక్కడ హెరాల్డే. పైగా స్పిట్‌ఫైర్ సామాను చాలామటుకు దీనికి పడుతుంది.

కొనేముందు ఏం చూడాలి?

ఇంజిన్ స్టార్టవుతుందా లేదా అన్నది ఆఖరున చూడండి. మొదట ఛాసిస్, తర్వాత కాగితాలు. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీది ప్లేటుతోను, ఇంజిన్ నంబరు బ్లాకు ఎడమ పక్కన చెక్కిన నంబరుతోను అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే బండి ఎంత ముద్దొచ్చినా వెనక్కి తిరగండి. ఆ చిక్కు తుప్పులా గోకితే పోయేది కాదు.

తర్వాత కింద పడుకుని, ఛాసిస్ నుంచి పక్కలకు వచ్చే చేతులను, డిక్కీ కింద వెనక చివరలను స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. కొత్తగా తారు పూసి ఉంటే అనుమానించాల్సిందే. తలుపు సగం తెరిచి పైకెత్తి చూడండి. తలుపు మూశాక దానికీ వెనక రేకుకీ మధ్య సందు పైనా కిందా సమంగా లేకపోతే ఛాసిస్ నడుం వంగిందేమోనని అనుమానించాలి.

రెండు తలుపులదా, నాలుగు తలుపులదా అన్నది మీ ఇష్టం. నాలుగు తలుపుల హెరాల్డ్ ఇండియాలో తప్ప ఎక్కడా తయారుకాలేదు, కాబట్టి దాని వెనక తలుపుల రేకులు, అద్దాల రబ్బర్లు విదేశాల్లో దొరకవు. 1970లలో వచ్చిన గజెల్‌కు వెనక మామూలు లైవ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉంటుంది. కింద వెనక చక్రాల గురించి రాసింది దానికి వర్తించదు.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

ఇంజిన్ లోపలి సామాను, బుష్‌లు, బ్రేకు రబ్బర్లు, ట్రనియన్లు (ముందు చక్రాల దగ్గరి కంచు దిమ్మలు) ఇంగ్లండు నుంచి తెప్పించుకోవచ్చు. అక్కడ ట్రయంఫ్ సామాను ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది. సరుకు ధర చూసి సంబరపడకండి. రవాణా, సుంకం, జీఎస్టీ కలిశాక లెక్క మారిపోతుంది, అందుకే నాలుగైదు చిన్న పార్సిళ్ళ కంటే ఒక్క పెద్ద పార్సిల్ నయం. పాత స్టాండర్డ్ టెన్, పెనెంట్ బండ్లలోనూ ఇదే 948 ఇంజిన్ ఉంది. ఎవరి కొబ్బరితోటలోనైనా అలాంటిది పడి ఉంటే ఇంజిన్ సామాను కోసం అడిగి చూడండి.

బోరింగు, క్రాంకు గ్రైండింగు కోసం దూరం వెళ్ళక్కర్లేదు. చెరువుల మీది ఆయిల్ ఇంజిన్లు, ట్రాక్టర్లు ఉన్న ప్రాంతం కనుక భీమవరం, తణుకు, రాజమండ్రి, కాకినాడ వైపు ఆ పని చేసే లేతు షాపులకు కొదవ లేదు. కావలసింది కొలత మీరు కాగితం మీద రాసి ఇవ్వడం.

మామూలు పానాలు సరిపోవా?

సరిపోవు. ఈ బండి నట్లు అంగుళాల లెక్కవి. 7/16, 1/2, 9/16, 5/8 ఏఎఫ్ (నట్టు ఎదురెదురు ముఖాల మధ్య కొలత) సైజు రింగు పానాలు, సాకెట్లు కొనండి. 1/2 అంగుళం అంటే 12.7 మి.మీ. 13 నంబరు పానా పడుతుంది గాని, తుప్పు పట్టిన నట్టు మీద బలం పెట్టగానే జారి అంచులు గుండ్రమైపోతాయి. 9/16 అంటే 14.3 మి.మీ. దానికి 14 ఎక్కదు, 15 వదులు. మరలు కూడా వేరు. మిల్లీమీటరు బోల్టును బలవంతంగా బిగిస్తే మరలు చచ్చిపోతాయి. ఒక టార్కు రెంచి, ఫీలర్ గేజి, 3 టన్నుల యాక్సిల్ స్టాండ్లు నాలుగు తప్పనిసరి. ఇటుకల మీద, కొబ్బరి దుంగల మీద బండి నిలిపి కిందకు దూరవద్దు.

షెడ్డు ఎలా ఉండాలి?

మన ఒండ్రునేలలో తేమ కింద నుంచి ఊరుతుంది. సిమెంటు నేల వేసేముందు పాలిథీన్ షీటు పరచమనండి. నేల ఇప్పటికే ఉంటే పనిచేసే చోట మందపాటి రబ్బరు షీటో ప్లైవుడ్డో వేయండి. బండిని ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పకూడదు. తెల్లారేసరికి లోపల చెమ్మ బొట్లు కడుతుంది. నూలు దుప్పటి మేలు. కొబ్బరిచెట్టు కింద మాత్రం ఆపకండి, టింకర్ మేస్త్రిని మీరే పిలిచినట్టు అవుతుంది.

ఛాసిస్ పని ఏ వరసలో చేయాలి?

ఎక్కువమంది తొందరపడి చెడగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త విడమరిచి చెబుతాం.

హెరాల్డ్ ఒళ్ళు ముక్కలు ముక్కలుగా బోల్టులతో విడిపోతుంది. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుని ఊడొస్తుంది. పైకప్పు కూడా బోల్టులదే. వరమూ ఇదే, శాపమూ ఇదే. ఛాసిస్ సరిగా లేకపోతే ఒక్క తలుపూ సరిగా పడదు.

ఏదీ విప్పకముందే తలుపుల సందులన్నీ కొలిచి రాసుకోండి. తలుపులు తీశాక ఆ ఖాళీలో అడ్డంగా, ఐమూలగా 25 మి.మీ. చదరపు గొట్టాలను వెల్డింగు చేసి ఒంటిని బిగదీయండి. ఒంటికీ ఛాసిస్‌కూ మధ్య రబ్బరు దిమ్మలు, పలచటి రేకు ప్యాకింగులు వస్తాయి. ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో రాసి, వాటిని విడివిడి కవర్లలో పెట్టండి. కలిపి డబ్బాలో పోస్తే నెలల తర్వాత తలుపులు ఎందుకు పడటంలేదో తెలియక తల పట్టుకోవాలి.

ఒళ్ళు దించాక ఛాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద పెట్టి, తాపీమేస్త్రీలు వాడే నీటిగొట్టంతో నాలుగు మూలలూ ఒకే మట్టానికి తెండి. తర్వాత సస్పెన్షన్ బిగించే రంధ్రాల నుంచి తూకంగుండు వేలాడదీసి, అది నేలకు తగిలే చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎడమ ముందు గుర్తు నుంచి కుడి వెనక గుర్తుకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు టేపు పట్టండి. రెండు ఐమూలల తేడా 3 మి.మీ. లోపు ఉంటే ముందుకు సాగవచ్చు. అంతకు మించితే ముందు యాక్సిడెంట్ల బండ్లు సాఫుచేసే చోట ఛాసిస్ లాగించాలి.

పక్క చేతులు ఒకటొకటిగా మార్చండి. అన్నీ ఒకేసారి కోస్తే కొలత పోతుంది. 16 గేజి, అంటే 1.6 మి.మీ. రేకు వాడండి. నేల రేకుకు 1.2 మి.మీ. చాలు. సీఓటూ వెల్డింగు చేయించండి. ఆర్క్ వెల్డింగుతో పలచటి రేకు చిల్లులు పడుతుంది, గ్యాసుతో వంకర పోతుంది. ఒకేచోట బారుగా వెల్డు లాగకుండా 20 మి.మీ. ముక్కలుగా, చోటు మారుస్తూ వేయమనండి. తుప్పు రేకు మీద కొత్త ప్యాచీ అతికించడం మేస్త్రీలకు అలవాటు. ఒప్పుకోకండి, మధ్యలో చెమ్మ చేరి రెండూ పోతాయి. వెల్డింగుకు ముందు బ్యాటరీ విప్పండి, పెట్రోలు ట్యాంకు బండిలోంచే తీసేయండి.

ఆ తర్వాత ఇపాక్సీ ప్రైమర్ రెండు పూతలు. ఒట్టి రెడ్ ఆక్సైడ్ తేమను ఆపలేదు. గొట్టాల లోపలికి పొడవాటి సన్నగొట్టం నాజిల్‌తో మైనం కొట్టించండి. నీరు కారిపోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి. అంతర్వేది, ఉప్పాడ లాంటి తీరపు ఊళ్ళలో ఈ మైనం ఏటా కొట్టించాల్సిందే.

పెయింటు ఎప్పుడు వేయించాలి?

డిసెంబరు నుంచి మార్చి దాకా. పొద్దున మంచు ఆరాక, పది గంటల తర్వాత మొదలుపెట్టాలి. గాలిలో తేమ ఎక్కువుంటే పెయింటు తెల్లగా పాలిపోతుంది, కంప్రెసర్ గొట్టంలో నీరు చేరి చేపకళ్ళలా గుంటలు పడతాయి. వాటర్ ట్రాప్ పెట్టండి. పీయూ (పాలీయురేథేన్) పెయింటు ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, ముక్కుకు కట్టుకునే గుడ్డ దాన్ని ఆపదు. ఇంట్లో ప్రైమర్ దాకా చేసుకుని, పై రంగు బూత్ ఉన్నచోట వేయించడమే మా సలహా.

వరదనీటిలో మునిగిన బండి పనికొస్తుందా?

1986, 2022 వరదల్లాంటివి లంక గ్రామాల్లో ఎన్నో బండ్లను ముంచాయి. పనికొస్తాయి, సెల్ఫ్ కొట్టనంతవరకు. సిలిండర్లో నీళ్ళుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు సంపు (ఇంజిన్ అడుగున ఉండే నూనె గిన్నె) నట్టు విప్పి నూనె దించండి. నీళ్ళు ముందు వస్తాయి, తర్వాత పాల టీ రంగు ముద్ద. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో 50 మి.లీ. డీజిలు, ఇంజినాయిలు సమంగా కలిపి పోయండి. మూడు నాలుగు రోజులు నాననిచ్చి, ముందు పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో తిప్పండి. కదలకపోతే మళ్ళీ నానబెట్టండి. బండిని గేర్లో వేసి ట్రాక్టరుతో లాగించడం మాత్రం వద్దు. గేర్‌బాక్సు, వెనక డిఫరెన్షియల్ నూనెలూ మార్చాలి. వాటికి దాదాపు 0.85, 0.57 లీటర్లు పడతాయి. డైనమో, సెల్ఫ్ మోటారు విప్పి ఆరబెట్టాలి. ఒండ్రు ఎండితే ఛాసిస్ గొట్టాల్లో గట్టిపడుతుంది, కాబట్టి తడిగా ఉన్నప్పుడే నీళ్ళు కొట్టి కడగండి.

ఇంజిన్ పనిలో ముఖ్యమైన కొలతలేవి?

బోరు 63, స్ట్రోకు 76 మి.మీ. మూడే మెయిన్ బేరింగులు. రీబోరు అవసరమైతే ముందు పిస్టన్లు తెప్పించండి, అవి చేతికొచ్చాకే బోరింగు. పిస్టన్లు 20, 30, 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజుల్లో వస్తాయి. షాపువాడు తన లెక్కన కోసేశాక ఆ సైజు దొరకకపోతే బ్లాకుకు స్లీవు వేయించాల్సి వస్తుంది.

హెడ్డు నట్లు మధ్య నుంచి బయటకు చుట్టూ తిరుగుతూ మూడు విడతల్లో 25, 45, 60 న్యూటన్ మీటర్లకు బిగించాలి. వాల్వు సందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.25 మి.మీ. దీనికో తేలిక లెక్కుంది: ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉందో దాని నంబరును 9లోంచి తీసేస్తే సర్దాల్సిన వాల్వు వస్తుంది. ఒకటో వాల్వు తెరిచి ఉంటే ఎనిమిదోది, మూడోది తెరిచి ఉంటే ఆరోది. ఫైరింగు వరస 1-3-4-2. పాయింటు సందు 0.38, ప్లగ్గు సందు 0.64 మి.మీ. వేడెక్కాక నిమిషానికి 2000 చుట్ల దగ్గర నూనె ప్రెషరు 40 పౌండ్లకు తగ్గకూడదు.

ఈ ఇంజిన్ అసలు జబ్బు త్రస్టు వాషర్లది. వెనక మెయిన్ బేరింగు దగ్గర రెండు అర్ధచంద్రాకారపు వాషర్లు క్రాంకు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపుతాయి. సిగ్నల్ దగ్గర, గేటు దగ్గర క్లచ్చు తొక్కిపట్టి నిలబెట్టే అలవాటున్నవాళ్ళ బండిలో అవి అరిగి, ఒకరోజు ఊడి సంపులో పడతాయి. అప్పుడు క్రాంకు బ్లాకునే కోస్తుంది, బ్లాకు వృథా. పరీక్ష తేలికే. ఒకరిని క్లచ్చు తొక్కి వదలమని ముందు పుల్లీని చూడండి. కంటికి కదలిక కనిపిస్తే ఎక్కువైనట్టే. డయల్ గేజి పెడితే 0.1 నుంచి 0.2 మి.మీ. మధ్య ఉండాలి. వాషర్లు మార్చడానికి ఇంజిన్ దించక్కర్లేదు. సంపు, వెనక మెయిన్ క్యాపు విప్పితే చాలు. గీతలున్న వైపు క్రాంకుకు తగిలేలా పెట్టాలి. తిరగేసి పెడితే కొద్ది రోజుల్లోనే తినేస్తుంది.

ఏ నూనె?

20డబ్ల్యూ50 మినరల్ నూనె, జింకు ఎక్కువున్నది. కొత్త కార్ల పలచటి సింథటిక్ నూనె వద్దు. ఖరీదెక్కువ కాబట్టి మంచిదేనన్న వాదన ఇక్కడ చెల్లదు. అందులో జింకు తక్కువ, క్యామ్ అరుగుతుంది.

ముందు చక్రానికి గ్రీజు కొట్టాలా, నూనె కొట్టాలా?

నూనె. ఈపీ 90 గేరాయిలు. కింది ట్రనియన్ గురించి మాత్రమే ఈ మాట. మెకానిక్కులు నూటికి తొంభైమంది అలవాటుగా గ్రీజు గన్ను పెట్టేస్తారు.

ట్రనియన్ అంటే కంచు దిమ్మ. దానిలోకి నిలువు ఇనప కడ్డీ మరలతో దిగి ఉంటుంది, స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మరల్లోనే తిరుగుతుంది. గ్రీజు గట్టిపడి మరల అడుగుదాకా చేరదు. అక్కడ వాననీరు నిలిచి కడ్డీకి గుంటలు పడతాయి. అలాంటి కడ్డీ పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు పుటుక్కున విరుగుతుంది. చక్రం పక్కకు పడిపోతుంది. అదే రోడ్డు మీద జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గన్నులో గేరాయిలు నింపి, చక్రం జాకీ మీద లేపి, పైనుంచి కొత్త నూనె కారేదాకా కొట్టండి. మన రోడ్లకు, వానలకు 5 వేల కిలోమీటర్లకోసారి, చక్రాలు మునిగేంత నీళ్ళలో పోయి వస్తే వెంటనే. కొత్తగా కొన్న బండైతే రెండు వైపులా విప్పి చూడకుండా రోడ్డెక్కించవద్దు. మరల్లో గోటికి తగిలే గుంట ఉంటే కడ్డీ మార్చాల్సిందే, దానికి వెల్డింగు, లేతు పని పనికిరాదు. కుడి ఎడమలకు మరలు వేర్వేరు దిక్కులు, తారుమారు చేయకూడదు. బిగించేటప్పుడు చివరిదాకా తిప్పి, ఒక చుట్టు లోపు వెనక్కి తీయాలి. లేకపోతే స్టీరింగు ఒకవైపు పూర్తిగా తిరగదు.

వెనక చక్రాలు లోపలికి మడుచుకుంటాయంటారు, నిజమేనా?

నిజమే. హెరాల్డ్ వెనక స్వింగ్ యాక్సిల్, అంటే ఒక్కో చక్రపు ఇరుసు మధ్య డిఫరెన్షియల్ దగ్గర నుంచి విడిగా ఊగుతుంది. కాలవగట్టు రోడ్డు మలుపులో వేగంగా వెళుతూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం పైకి లేస్తుంది, బయటివైపు చక్రం అడుగు లోపలికి మడుచుకుంటుంది, వెనక జారుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో యాక్సిలరేటర్ నిలకడగా ఉంచాలి. వెనక టైర్లలో ముందువాటికంటే నాలుగైదు పౌండ్లు ఎక్కువ గాలి ఉంచండి. శాశ్వత మందు కావాలంటే 1970 తర్వాత స్పిట్‌ఫైర్‌కు వచ్చిన స్వింగ్ స్ప్రింగు వేయవచ్చు. దాన్లో అడుగు పట్టీ ఒక్కటే గట్టిగా బిగిసి, మిగతావి ఊగుతాయి. గుంటల రోడ్లకని స్ప్రింగుకు పట్టీలు అదనంగా వేసి వెనక ఎత్తు చేయించడం ఇక్కడి అలవాటు. దానివల్ల మడత ఇంకా పెరుగుతుంది.

వెనక హబ్బు తీయడానికి బలమైన పుల్లర్ తప్పనిసరి. సుత్తితో కొడితే అంచు వంగి బ్రేకు డ్రమ్ము ఊగుతుంది.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో నడుస్తుందా?

నడుస్తుంది, రబ్బర్లు మారిస్తే. పాత పెట్రోలు గొట్టాలు, పంపు పొర, కార్బురేటర్ ప్యాకింగులు ఇథనాల్‌కు ఉబ్బి చీలతాయి. ఇథనాల్‌కు తట్టుకునే ఆర్9 రకం గొట్టం వేయండి. ఇథనాల్ గాలిలోంచి తేమ పీలుస్తుంది కాబట్టి ఇక్కడ ట్యాంకు అడుగున నీరు చేరడం మామూలే. నెల దాటి నిలిపేటట్టయితే ట్యాంకు నిండుగా ఉంచండి, కార్బురేటర్ గిన్నె మాత్రం ఖాళీ చేయండి. మిశ్రమం పలచబడుతుంది గనుక సోలెక్స్ కార్బురేటర్ మెయిన్ జెట్టు 5 నంబర్లు పెద్దది వేసి ప్లగ్గు రంగు చూడండి. 120 ఉంటే 125 వేస్తే రంధ్రం వైశాల్యం సుమారు 8 శాతం పెరుగుతుంది, కావలసింది దాదాపు అంతే. ప్లగ్గు తెల్లగా ఉంటే ఇంకా చాలలేదు, లేత ఇటుక రంగు సరి.

మే నెలలో మరిగిపోతుంది. ఏం చేయాలి?

థర్మోస్టాట్ పీకి పారేయడం మందు కాదు. రేడియేటర్ కోరు, బ్లాకు లోపలి బురద శుభ్రం చేయించండి. బ్లాకు వెనకవైపు నీళ్ళు దించే కుళాయి రంధ్రంలో తీగ పెట్టి కెలికితే ఎంత మడ్డి ఉందో తెలుస్తుంది. కోనసీమ తీరం వైపు బోరు నీళ్ళు ఉప్పన. అవి పోస్తే హెడ్డును తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ మూడో వంతు కలిపి వాడండి. ఇదంతా అయ్యాకే ఎలక్ట్రిక్ ఫ్యాను ఆలోచన.

కరెంటు పని?

ముందు బ్యాటరీ ఏ వైపు ఎర్తు అయిందో చూడండి. పాత బ్రిటిష్ బండ్లలో ప్లస్ వైపు ఎర్తు ఉండేది. మైనస్‌కు మార్చాలంటే బ్యాటరీ తిరగేసి, కాయిల్ వైర్లు రెండూ తారుమారు చేసి, డైనమో ఎఫ్ టెర్మినల్ వైరు విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక తీగతో ఆ టెర్మినల్‌కు రెండు మూడుసార్లు తాకించాలి. ఆల్టర్నేటర్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసేది ఆ తర్వాతే.

లూకాస్ (బ్రిటిష్ కార్లకు కరెంటు సామాను చేసిన కంపెనీ) వైరింగును తిట్టడం ఫ్యాషన్. నిజానికి తప్పు ఎక్కువగా ఎర్తులదీ, చిలుము పట్టిన జాయింట్లదీ. గోధుమరంగు వైరు బ్యాటరీది, తెలుపు ఇగ్నిషన్‌ది, నీలం హెడ్‌లైట్లది, నలుపు ఎర్తు. రంగులు మార్చకుండా అదే లెక్కలో కొత్త వైర్లు వేయండి. హెడ్‌లైట్లకు రిలేలు, ఫ్యూజులు చేర్చండి. మాసూళ్ళ రోజుల్లో చేలోంచి ఎలుకలు షెడ్డుల్లో చేరతాయి, వైర్లు కొరికేది అప్పుడే.

బండికి వేగం పెంచాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రేకులతో. నాలుగూ డ్రమ్ములే, మాస్టర్ సిలిండర్ ఒకే లైనుది. ఒక గొట్టం పగిలితే మొత్తం పోయినట్టే. స్పిట్‌ఫైర్ ముందు డిస్కులు, రెండు లైన్ల మాస్టర్ సిలిండర్ వేయండి. ఇనప గొట్టాల స్థానంలో రాగి నికెల్ గొట్టాలు వేస్తే తుప్పు బెడద పోతుంది. డాట్ 4 ద్రవం ఏటా మార్చండి, అది తేమ పీల్చుకుంటుంది.

ఆ తర్వాత ఇంజిన్. స్పిట్‌ఫైర్ 1147, 1296 సీసీ ఇంజిన్లు దాదాపు అదే చోట కూర్చుంటాయి. మొదటి స్పిట్‌ఫైర్‌దే 63 హార్స్‌పవర్, మన 948కి ఇంచుమించు రెట్టింపు. వెనక డిఫరెన్షియల్ 4.11 నిష్పత్తిది కూడా పెడితేనే హైవే మీద దాని సుఖం తెలుస్తుంది. మారుతి ఇంజిన్ పెట్టిన హెరాల్డ్‌లు చాలా ఉన్నాయి. మైలేజి వస్తుంది, మెకానిక్కు దొరుకుతాడు, అది నిజం. కానీ ఆర్సీ చిక్కులు, వింటేజి రిజిస్ట్రేషన్ ఆశ వదులుకోవడం, బల్క్‌హెడ్ (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య గోడ) కోయడం అన్నీ లెక్కవేస్తే మేము వద్దంటాం.

పైకప్పు తీసేసి ఓపెన్ కారు చేసుకోవచ్చా?

రెండు తలుపుల దానికి చేయవచ్చు. బోల్టులు విప్పితే కప్పు వస్తుంది. కానీ అసలు ఓపెన్ మోడల్‌లో తలుపు వెనక స్తంభాలకు బలం అదనంగా ఇచ్చారు. అది లేకుండా కప్పు తీస్తే గుంటల్లో తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. నాలుగు తలుపుల దానికి ఆలోచనే వద్దు. ఆర్సీలో బాడీ రకం మారుతుంది కాబట్టి ముందు ఆర్టీఓ అనుమతి కావాలి.

మారుతి చక్రాలు పడతాయా?

పడవు. దీని బోల్టు వలయం 95.25 మి.మీ., మారుతి 800ది 114.3. పాత రిమ్ములకే 145/80 ఆర్13 టైర్లు వేసుకోవచ్చు, పాత వ్యాగన్‌ఆర్ సైజు కనుక తేలిగ్గా దొరుకుతాయి.

వింటేజి రిజిస్ట్రేషన్ వస్తుందా?

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని బండికి వస్తుంది. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేలు, పదేళ్ళకు. తర్వాత పునరుద్ధరణకు 5 వేలు. అయితే ఆ నంబరుతో రోజూ తిరగడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు, రిపేరు కోసం మాత్రమే. రావులపాలెం సంతకు, పెళ్ళిళ్ళకు వాడుకోవాలనుకుంటే మామూలు ఆర్సీనే ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించుకోవడం మేలు. చిరునామా వేరే రాష్ట్రానిదైతే అమ్మినవాళ్ళ చేత ఎన్ఓసీ ముందే తీయించండి. డబ్బంతా ఇచ్చేశాక వాళ్ళు ఫోను ఎత్తరు.

వానాకాలమంతా నిలిపి ఉంచాలంటే?

బ్యాటరీ విప్పి లోపల పెట్టండి. హ్యాండ్‌బ్రేకు వేయకుండా చక్రాలకు దిమ్మలు పెట్టండి, లేకపోతే తేమకు బ్రేకు డ్రమ్ములు పట్టేస్తాయి. టైర్లలో 5 పౌండ్లు ఎక్కువ గాలి కొట్టండి. అద్దాలు ఒక వేలు మందం దించండి. క్లచ్చు ప్లేటు ఫ్లైవీలుకు అంటుకోకుండా పెడల్ సగం దిగేలా ఒక కర్రను సీటుకు ఆనించి ఉంచవచ్చు. పదిహేను రోజులకోసారి స్టార్టు చేసి రెండు నిమిషాల్లో ఆపేయడం కంటే అసలు చేయకపోవడమే మంచిది. సైలెన్సర్లో నీరు మిగిలిపోయి లోపలి నుంచి తుప్పు పడుతుంది. చేస్తే పది కిలోమీటర్లు నడిపి రండి.